పిస్టన్ రింగులు అరిగిన ఎండాకాలం

మా అక్క నా గురించి ఎవరికి చెప్పినా మొదట ఒకే మాట చెప్పేది: "మా తమ్మునికి ముక్కు మీద కోపం." చెప్పి నవ్వేది. నేనూ దాన్నొక బిరుదులా మోసుకుని తిరిగాను. బాన్సువాడలో వడ్లు మరపట్టే గిర్నిలో ఆయిల్ ఇంజను నడపడం నా పని. అది మొండి ఇంజను, నేను అంతకన్నా మొండివాణ్ణి. దాన్ని తిట్టకుండా ఒక్క పొద్దున కూడా స్టార్టు చేసిన గుర్తు లేదు. తిట్టినా దాని ప్రతి చప్పుడూ నాకు తెలుసు. వెదురుకర్ర ఒక కొస ఇంజనుకు ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుంటే ఏ బేరింగు వదులైందో, ఏ వాల్వు సరిగ్గా కూర్చోవడం లేదో చెప్పేసేవాణ్ణి. చుట్టుపక్కల ఊళ్ళలో ఏ గిర్ని ఆగినా నాకే కబురొచ్చేది. ఇంజను విషయంలో నా మాట తప్పవుతుందన్న ఆలోచన నాకు కలలో కూడా రాలేదు. చివరికి అదే మా కొంప ముంచింది.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఎండాకాలం అది. మా బావ, అంటే మా అక్క పెనిమిటి, ఊళ్ళో దవాఖానలో కాంపౌండరు. సగం రోజులు దవాఖానలో, సగం రోజులు ఊళ్ళ మీద. టీకాలు వేయడానికి, క్వినైను పంచడానికి బిచ్కుంద, మద్నూర్, అటు డోంగ్లి దాకా సైకిలు మీద తిరిగేవాడు. అంతకుముందు వానాకాలంలో కాలువ తూము దగ్గర సైకిలు జారి పడ్డాడు. ఎడమ మోకాలు విరిగింది. అతికింది గానీ మళ్ళీ వంగలేదు. కర్రలా చాపుకుని నడిచేవాడు. వంగని కాలితో సైకిలు తొక్కడం కుదిరే పని కాదు. కొన్ని నెలలు పెద్ద డాక్టరు ఊరుకున్నాడు. తర్వాత పిలిచి మర్యాదగానే చెప్పాడు. తొలకరి పడితే జ్వరాలు మొదలవుతాయి, ఆలోపు ఊళ్ళు తిరగగలిగితే సరే, లేకపోతే ఇక్కడికి వేరే మనిషి వస్తాడు, నిన్ను ఉట్నూరు దవాఖానలో మందుల గదిలో కూర్చోబెడతారు అన్నాడు.

ఉట్నూరంటే అడవి. అడవంటే చలిజ్వరం. మా అమ్మ చలిజ్వరంతోనే పోయింది. అప్పటికి అక్కకు పన్నెండేళ్ళు, నాకు ఏడు. నన్ను పెంచింది అక్కే. పెళ్ళై అత్తగారింటికి పోయేటప్పుడు కూడా నన్ను వెంటబెట్టుకునే పోయింది. ఉట్నూరు మాట విన్న రోజు ఆమె ఏడవలేదు. పీట మీద కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతూ, "అక్కడికి పోతే మా ఇద్దర్ల ఎవలో ఒకలం వాపస్ రాం" అంది. ఆ మాట అన్నాక కూడా రాళ్ళు ఏరుతూనే ఉంది.

అప్పుడు వచ్చింది ఫట్‌ఫటీ. డోంగ్లి దగ్గర ఒక రైతు కొడుకును బావ వారం రోజులు పక్కనే ఉండి జ్వరం నుంచి లేపాడు. ఆ కృతజ్ఞతతో రైతు తన పశువుల కొట్టంలో జొన్నసొప్ప కింద పడి ఉన్న మోటారు సైకిలును ఎడ్లబండి మీద పంపించాడు. ఎప్పుడో ఆనకట్ట పనులకు వచ్చిన ఒక ఇంజినీరు దొర దగ్గర కొన్నదట. పదేళ్ళుగా ఎవరూ ముట్టుకోలేదు. మామూలు బండి కాదది, పందేల కోసం చేసినది. హాండిలు కిందికి వంగి ఉంటుంది, ట్యాంకు పొడుగ్గా సన్నగా ఉంటుంది, ఇంజను ఒకటే సిలిండరు. గేరు చేత్తోనే వేయాలి, కిక్కు కుడికాలితో కొట్టాలి. బావ కర్ర పక్కన పెట్టి దాని మీద కూర్చుని చూశాడు. ఎడమకాలు చాపుకుని ఉన్నా ఇబ్బంది లేదు.

"నడుస్తదా బామ్మర్దీ?" అన్నాడు.

"నడుసుడేంది బావా, ఉరుకుతది" అన్నాను.

ఆ మాట అనడానికి ముందు నేను దాని మూత కూడా విప్పి చూడలేదు.

విప్పాక చూస్తే పరిస్థితి మరీ చెడ్డగా లేదు. పిస్టను చుట్టూ ఉండే రింగులు తుప్పుపట్టి గాడుల్లో ఇరుక్కుపోయాయి. సిలిండరు మాత్రం బాగుంది. రింగు పూర్తి గుండ్రం కాదు, ఒకచోట చిన్న సందు ఉంటుంది. కొత్త రింగును సిలిండరులోకి తోసి ఆ సందు ఎంత ఉందో చూస్తే సిలిండరు ఎంత అరిగిందో తెలుస్తుంది. దాన్ని కొలిచే పరికరం నా దగ్గర లేదు. గడ్డం గీసుకునే బ్లేడ్లు ఒకదాని మీద ఒకటి పెట్టి ఆ సందులో దూర్చేవాణ్ణి. హైదరాబాదు నుంచి తెప్పించిన కొత్త రింగులో మూడు బ్లేడ్లు పట్టాయి. అంటే సిలిండరు ఇంకా వయసులో ఉన్నట్టే. సంతోషంతో గిర్ని అంతా వినపడేలా ఈల వేశాను.

ఇక సామాన్లు కడగాలి. పదేళ్ళ మడ్డి, పేడ, సొప్ప పొట్టు, అంతా కలిసి రాయిలా గట్టిపడింది. కిరసనాయిలుతో కడగాలని నాకు తెలియక కాదు. ఆ రోజుల్లో కిరసనాయిలు రేషను. ఇచ్చే సీసాడు దీపాలకే చాలదు. గిర్ని ఇంజను సామాన్లు పెద్దవి, కదల్చలేనివి, వాటిని గుడ్డపీలికలతో తుడిచి ఊరుకునేవాణ్ణి. ఈ బండి సామాన్లు చిన్నవి, సున్నితమైనవి. తల పట్టుకుని కూర్చుంటే అక్క వచ్చింది.

"గాసునూనె యాడ దొరుకుతదిరా? ఇటియ్యి. బిందెలు తోమినట్టు తోమిస్త" అంది.

మా గిర్నిలో వడ్లు ఉడకబెట్టే పొయ్యికి ఊకే కట్టె. అందుకని బాన్సువాడలో ఊక బూడిదకు కరువు లేదు. పొద్దున్నే ఆడవాళ్ళు తట్టలు పట్టుకుని వచ్చి పొయ్యి దగ్గర బూడిద ఎత్తుకుపోయేవాళ్ళు. అంట్లు దాంతోనే, ఇత్తడి బిందెలు దాంతోనే, లాంతరు గ్లాసు దాంతోనే. పళ్ళు తోముకోవడం కూడా దాంతోనే. తెల్లగా, మెత్తగా, వేళ్ళకు పిండిలా తగిలేది. మా ఇంట్లో అక్క తోమిన రాగిచెంబులో ముఖం చూసుకోవచ్చు. ఆ పేరు ఆమెకు వాడకట్టంతా ఉంది.

పిస్టను, సిలిండరు, వాల్వులు, కడ్డీలు, అన్నీ గోనెపట్టా మీద పరిచి, వరిగడ్డి ముద్దకు బూడిద అద్ది, చింతపండు పులుసు చిలకరించి రెండు రోజులు తోమింది. సిలిండరు లోపలికి చెయ్యి పెట్టి బిందె లోపల తోమినట్టే గుండ్రంగా తిప్పి తోమింది. నీళ్ళు పోసి కడిగి ఎండలో ఆరబెట్టింది. అవి మెరుస్తుంటే నాకు కళ్ళు చెదిరాయి. గిర్నికి వచ్చిన ప్రతివాణ్ణీ పిలిచి చూపించాను. మా అక్కలా తోమేవాళ్ళు హైదరాబాదు వర్క్‌షాపుల్లో కూడా లేరని ప్రగల్భాలు పలికాను.

బిగించాక మొదటి కిక్కుకే అందుకుంది. ఆ చప్పుడు వేరు. మా గిర్ని ఇంజను ఒక దెబ్బ కొట్టి, కాసేపు ఆలోచించి, ఇంకో దెబ్బ కొట్టేది. ఇది ఆలోచించదు. బావ దాని మీద ఊరి చివరి దాకా పోయి వచ్చాడు. కాలు విరిగిన నాటి నుంచి అతను అంత వేగంగా ఎక్కడికీ పోలేదు. దిగి, కర్ర అడగడం కూడా మరిచిపోయి రెండడుగులు వేసి తూలాడు. అక్క నవ్వింది, చాలా నెలలకు.

ఆ సంబరం మూడు వారాలు కూడా నిలవలేదు.

బావ వారానికి రెండుసార్లు బిచ్కుంద వైపు పోయి వచ్చేవాడు. దారిలో మంజీర ఏటి ఇసుకలో దిగి, ఎవరినైనా పిలిచి తోయించుకునేవాడు. పెట్రోలుకు దవాఖాన పర్మిట్టు ఉంది. మూడో వారం తిరిగొచ్చేటప్పుడు బండి వెనక నీలం పొగ. మర్నాడు కిక్కు మీద కాలు పెడితే మెత్తగా దిగిపోయింది. గట్టి ఇంజనైతే కిక్కు కాలిని ఎదురు తన్నాలి. ఇది పాత చెప్పులా అణిగిపోయింది. చల్లగా ఉన్నప్పుడు సిలిండరులో ఏదో టకటకా కొట్టుకుంటోంది, వేడెక్కితే తగ్గుతోంది. కర్ర చెవికి పెట్టి విన్నాను. పిస్టను సిలిండరులో వదులుగా ఊగుతున్న చప్పుడది. కిందనున్న బేరింగుది కాదు. అంతవరకూ సరిగ్గానే పట్టుకున్నాను.

విప్పి ఆ రింగునే సిలిండరులో పెట్టి కొలిచాను. మూడు బ్లేడ్లు పట్టిన సందులో పదకొండు పట్టాయి. నమ్మలేక మళ్ళీ పెట్టాను, అన్నే పట్టాయి. ఆ రింగులు పదివేల మైళ్ళు నడవాల్సినవి. పదకొండు బ్లేడ్లు చేతిలో పట్టుకుని నిలబడితే నా తల కొట్టేసినట్టయింది. నా కోపానికి ఎవరో ఒకరు కావాలి. ఎదురుగా బావ ఉన్నాడు.

ఆ బండిలో ఇంజనుకు నూనె దానంతట అదే కొంచెం కొంచెం చుక్కలుగా పడుతుంది. అది చాలదు. దారిలో మైలుకోసారి ట్యాంకు పక్కనున్న చేతిపంపు ఒకసారి నొక్కాలి. నొక్కడం మరిచిపోతే ఇంజను ఎండిపోయి అరుగుతుంది.

"నూనె కొట్టినవా లేదా?" అన్నాను.

"కొట్టిన. మీలు రాయి కనవడ్డప్పుడల్ల కొట్టిన."

"కొడితే గిట్లెందుకైతది? మతిలేకుండ నడిపి ఇంజన్ ఎండగొట్టినవు. ఒప్పుకోరాదా?"

బావ ఒప్పుకోలేదు, వాదించనూ లేదు. "ఇగ మీద ఇంక జర్ర పైలంగుంట" అన్నాడు. అది నాకు ఒప్పుకున్నట్టే వినపడింది.

రెండోసారి రింగులు తెప్పించాను. ఏమో ఎందుకైనా మంచిదని ఒక జత ఎక్కువే తెప్పించాను. కొత్త రింగు పెట్టి చూస్తే ఐదు బ్లేడ్లు పట్టాయి. అంటే రింగులే కాదు, సిలిండరు కూడా అరగడం మొదలుపెట్టింది. లోపల నల్లగా మాడిన మడ్డి పేరుకుని ఉంది. ఈసారి ఇంకా శుభ్రంగా ఉండాలన్నాను. అక్క ఇంకో రోజు ఎక్కువ తోమింది. పిస్టను గాడుల్లోకి వేలు పోకపోతే ఈనెపుల్లకు గుడ్డ చుట్టి, బూడిద అద్ది తోమింది. ఎండకు ఆమె మెడ మీద చెమటకాయలు లేచాయి. లోపలికి రమ్మంటే వినలేదు.

"నాదేం పోయింది, కూసున్న కాడనే కద" అంది.

బావ ఈసారి జేబులో చింతగింజలు వేసుకున్నాడు. మైలురాయి వచ్చినప్పుడల్లా పంపు నొక్కి, ఒక గింజ కుడిజేబులోంచి ఎడమజేబులోకి మార్చేవాడు. ఇంటికి రాగానే ఎడమజేబు గింజలు నా ముందు పోసేవాడు. లెక్క సరిపోయేది. అయినా రెండు వారాలకే నీలం పొగ, మెత్తని కిక్కు, అదే టకటక.

ఆ రోజు గిర్నిలో బియ్యం ఎత్తడానికి మద్నూర్ నుంచి ఒక లారీ వచ్చి ఉంది. డ్రైవరు మరాఠీవాడు, ఇంజను పని తెలిసిన మనిషి. మా అవస్థ చూసి వచ్చి, అడుగున మిగిలిన నూనెను రెండు వేళ్ళ మధ్య రుద్ది చూశాడు.

"అన్నా, గిండ్ల రేతి ఉన్నది" అన్నాడు.

రేతి అంటే ఇసుక. ఇసుక అనగానే నాకు మంజీర గుర్తొచ్చింది. మంజీర గుర్తు రాగానే బావ మీద కోపం రెండింతలైంది. ఏటి ఇసుకలో ఇంజను ఆపకుండా తోయించుకుని ఉంటాడు, అది ఇసుక పీల్చి ఉంటుంది. హమాలీలు, వడ్లు తెచ్చిన రైతులు, లారీవాడు, అందరూ అక్కడే ఉన్నారు. నేను అదేమీ చూసుకోలేదు.

"నీకు అక్కల్ లేదు, బండి ఎక్కే తెలివి లేదు. గింజలు లెక్కవెట్టుడు కాదు, కండ్లు తెరుసుకోని నడుపుడు నేర్సుకోవాలె. గిట్ల నడిపేటోడు కాలు ఇరగ్గొట్టుకోక ఏంజేస్తడు?" అన్నాను.

బావ కర్ర తీసుకుని, కాలు చాపుకుంటూ దవాఖాన వైపు నడిచిపోయాడు. ఆ పూట నేను అన్నానికి పోయేసరికి అక్క కంచం పెట్టింది గానీ పక్కన కూర్చోలేదు. నేను మాత్రం సరైన మాటే అన్నానని నాకు నేను చెప్పుకున్నాను. కంచం సగంలోనే వదిలి గిర్నికి పోయాను.

తొలకరికి ఇంకా ఇరవై రోజులుంది. నా దగ్గర ఒక్క జత రింగులు మిగిలాయి. నాది నిజమని తేల్చుకోవాలన్న పట్టుదలతోనే ఒక పని చేశాను. బండిని విప్పి, అక్క చేత మళ్ళీ తోమించి, బిగించి, ఈసారి రోడ్డెక్కించలేదు. గిర్ని వాకిట్లో నీళ్ళు చల్లించి, స్టాండు మీద నిలబెట్టి అక్కడే నడిపాను. గాలి పీల్చే మూతికి అక్క పాత చీర గుడ్డ నాలుగు మడతలు కట్టాను. నూనె పంపు నా చేత్తోనే నొక్కాను. పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు. మంజీర లేదు, దుమ్ము లేదు, బావ లేడు. ఇంజను ఇప్పుడు బాగుంటే తప్పంతా అతనిదే. బాగుండాలని కోరుకున్నాను. అతని తప్పు తేలాలని ఎంత గట్టిగా కోరుకున్నానో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

ఎనిమిదో రోజుకు టకటక మొదలైంది.

తొమ్మిదో రోజు పొద్దున్నే ఇంజను అడుగు మరను విప్పి నూనె చిప్పలోకి దించాను. బూడిదరంగు కలిసిన నల్లనూనె. వేళ్ళతో రుద్దితే లారీ డ్రైవరు అన్నట్టే గరగరలాడింది. రోడ్డు మొహం చూడని ఇంజనులోకి ఇసుక ఎలా వస్తుంది? గిర్నిలో వడ్లు ఎండాయో లేదో పంటితో కొరికి చూడడం మాకందరికీ అలవాటు. ఆ అలవాటు చొప్పున ఏమీ ఆలోచించకుండా ఒక చుక్క నాలుక మీద వేసుకుని పళ్ళు నూరాను.

ఇసుకైతే పంటి కింద పలుకు తగులుతుంది. ఇది అలా లేదు. సన్నగా కిరకిరలాడుతూ పళ్ళ సందుల్లోకి పోయింది. ఆ కిరకిర నాకు తెలుసు. అరగంట కిందటే బావి దగ్గర పళ్ళు తోముకునేటప్పుడు నా నోట్లో ఉంది. ఈ ఊరొచ్చిన నాటి నుంచి ప్రతి పొద్దునా అదే నా నోట్లో ఉంది.

నూనె ఉమ్మి, గిర్ని పొయ్యి దగ్గరికి పోయి చిటికెడు ఊక బూడిద తెచ్చాను. కొలిచే బ్లేడ్లలో ఒకదాని మీద వేసి బొటనవేలితో రుద్దాను. నాలుగు రుద్దులకే దాని మెరుపు పోయి సన్నని గీతలు పడ్డాయి. పిస్టను తీసి గాడిలో గుండుసూదితో గీకితే తెల్లని పొడి, నూనెతో కలిసి ముద్దగా వచ్చింది. పిస్టను మెత్తని లోహం. అందులో ఆ పొడి దిగబడి, సిలిండరును ఆకురాయిలా అరగదీస్తూ వచ్చింది. ఎంత తోమితే అంత దిగబడింది. ఎంత శుభ్రం చేయమని నేను గొంతు చించుకుంటే ఇంజను అంత త్వరగా చచ్చింది. సామాన్లను చంపింది మేమే. తోమిన చేతులు అక్కవి, తోమించి ఊరంతా చూపించుకున్న మొహం నాది.

ఆఖరి జతలో ఎక్కువగా వస్తే వాడకుండా పక్కన పెట్టుకున్న ఒక కొత్త రింగు సిలిండరులో పెట్టి కొలిచాను. తొమ్మిది బ్లేడ్లు. ఇక ఆ సిలిండరుకు ఏ రింగులూ పనికిరావు. నా జీవితంలో ఏ ఇంజనుకూ ఇంత కచ్చితంగా జబ్బు కనిపెట్టలేదు. కనిపెట్టేసరికి అది చచ్చిపోయి ఉంది.

నేరుగా దవాఖానకు పోయాను. బావ ఎవరి చేతికో కట్టు కడుతున్నాడు. ఆ మనిషి వెళ్ళేదాకా ఆగి, బూడిద సంగతి అంతా చెప్పాను. బావ మిగిలిన కట్టుగుడ్డను ఉండగా చుడుతూ విన్నాడు. చుట్టడం అయ్యాక అడిగాడు.

"మీ అక్కకు చెప్పినవా?"

"లేదు. మొదలు నీకే చెప్తున్న."

"చెప్పకు."

"ఎట్ల చెప్పకుంట? నలుగుర్ల నిన్ను అనరాని మాటలన్న. నీ తప్పు లేదని నలుగుర్లనే చెప్తా."

"అన్నవు, అయిపోయింది" అన్నాడు బావ. "ఆమె ఎన్ని దినాలు ఎండల కూసోని తోమిందో చూసినవు కదా. గా అడవికి పోవుడంటే ఆమెకు ఎంత భయమో ఎరుకే. గిప్పుడు ఆమె చేతుల్తోనే ఇట్లైందని చెప్తవా? నేనే నూనె కొట్టలేదనుకోనీ. నాకేం పోతది?"

"గిది న్యాయం కాదు బావా."

"న్యాయం జేసుడు నీకు గంత ఇష్టముంటే, సిలిండరు తెచ్చియ్యి."

అతను నా మీద కోపంతో అన్న మాట ఆ ఎండాకాలమంతటికీ అదొక్కటే. తెచ్చే ప్రయత్నం చేశాను. సిలిండరును గోనెలో చుట్టి హైదరాబాదు పట్టుకుపోయాను. లోపల కోత వేసి సరిచేయగలం గానీ దానికి సరిపడా పెద్ద పిస్టను ఈ దేశంలో లేదన్నారు. ఇంగ్లండు నుంచి ఓడలో రావాలి, ఆరు నెలలో, ఏడాదో. ఎవరి మీద అరవాలో తెలియక, రైలు దిగి బస్సు కోసం నిలబడిన చోట గోనెమూటను కాలితో తన్నాను. వేలు చిట్లింది. అంతకుమించి సాధించిందేమీ లేదు. నేను తిరిగొచ్చిన వారానికే తొలకరి పడింది. పది రోజులకు ఉట్నూరు ఆర్డరు వచ్చింది.

వాళ్ళిద్దరూ ఇప్పుడు లేరు కాబట్టి ఇదంతా రాస్తున్నాను. అక్క ఉట్నూరులోనే నాలుగో వానాకాలం పోయింది. జ్వరమే. బావ ఆ తర్వాత ఎక్కువ కాలం ఉండలేదు. అక్క ఉన్నన్నాళ్ళూ, నేను ఉట్నూరు పోయినప్పుడల్లా ఆమెకు చెప్పేద్దామా అని బావ మొహం చూసేవాణ్ణి. అతను తల అడ్డంగా ఊపేవాడు. బావ మాట నిలబెట్టానని ఒక్కరోజు కూడా నాకు తృప్తి కలగలేదు. ఆమెను ఒక అబద్ధంతో పంపించామన్న ఉక్రోషమే మిగిలింది. చెప్పి ఉంటే ఏమయ్యేదో అదీ నాకు తెలియదు.

వాళ్ళు ఊరు విడిచిన పొద్దున సన్నగా తుంపర పడుతోంది. గూడున్న కచ్చురం బండిలో సామాను సర్దాను. బావను చంకల కింద చేతులేసి పైకి ఎక్కించాను. అతని వంగని కాలు మూటల మధ్య ఎటు పెట్టాలో తెలియక కాసేపు అవస్థపడ్డాం. ఆఖరుకు అక్క దాన్ని తన ఒళ్ళోకి తీసుకుని కూర్చుంది. నా తల మీద చెయ్యి పెట్టింది.

"నువ్వు మస్తు కష్టవడ్డవురా. మనసుల పెట్టుకోకు" అంది. "మీ బావకే మిషన్ మీద ధ్యాస లేకపాయె. గా నూనె కొట్టుడు ఎంత పని?"

నేను నోరు తెరిచాను. బావ నా వైపు చూశాడు.

"అవు, నాదే గల్తి" అన్నాడు. "ఇగ పోనియ్యి, వాన పెద్దగైతున్నది."

బండి కదిలింది. కాలువ గట్టు ఎక్కేదాకా వెనకాలే నడిచాను. లోపల అక్క అతన్ని ఇంకా ఏదో అంటూనే ఉంది. అతను తల ఊపుతూనే ఉన్నాడు.